పక్కింటామెకి ఓటు లేదు

2016 జూన్ 24, శుక్రవారం. నాన్న పొద్దున్నే పొగాకు బేళ్లు వేసుకుని కందుకూరు వేలం కేంద్రానికి వెళ్లాడు. తొమ్మిదింపావుకి లండన్ నుంచి తమ్ముడి ఫోన్. వాడికక్కడ అప్పుడప్పుడే తెల్లవారుతోంది.

"అక్కా, వీళ్లు బయటికే వెళ్లిపోతున్నారు" అన్నాడు.

యూరప్ దేశాల కూటమి యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, పోవాలా అని ముందురోజు బ్రిటన్‌లో జనాన్ని ఓటడిగారు. ఆ లెక్కింపు చూస్తూ రాత్రంతా టీవీ ముందే కూర్చున్నాడట. సండర్లాండ్ లెక్క వచ్చినప్పుడే గుండె జారిందన్నాడు. నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ మీద వేల కుటుంబాలు బతికే ఊరది. అక్కడ 61 శాతం మంది యూరోపియన్ యూనియన్ వద్దన్నారు. చివరికి దేశం మొత్తం మీద వద్దన్నవాళ్లు 51.9 శాతం, ఉందామన్నవాళ్లు 48.1. మూడు కోట్ల ముప్పై అయిదు లక్షల ఓట్లలో తేడా పన్నెండు లక్షల చిల్లర. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉందామనే అన్నారు, అయినా వాళ్లూ వెళ్లక తప్పదు.

తమ్ముడు కూడా ఓటేశాడు. వాడు అక్కడికి వెళ్లి రెండేళ్లు కూడా కాలేదు, ఉన్నది వీసా మీద. అయినా కామన్వెల్త్, అంటే ఎక్కువగా ఒకప్పుడు బ్రిటన్ ఏలిన దేశాల కూటమి, అందులోని దేశంవాడు కాబట్టి ఓటుంది. పక్కింట్లో పోలండ్ ఆవిడ పదకొండేళ్లుగా ఉంటోంది, పిల్ల అక్కడే పుట్టింది. ఆవిడకి లేదు. యూరప్ వాళ్లలో ఐర్లాండ్, మాల్టా, సైప్రస్ వాళ్లకి తప్ప ఇవ్వలేదు. ఎవరి బతుకు తలకిందులవుతుందో వాళ్లనే పక్కన పెట్టి అడిగారు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

వీడి ఇంటి ఓనరు పంజాబీ పెద్దాయన. బయటికే వేశాడు. యూరప్ నుంచి వచ్చేవాళ్లు తగ్గితే మన పిల్లలకి వీసాలు సులువవుతాయని ఆయన ఆశ. ఆయన్ని తప్పుపట్టలేను. వాళ్ల తమ్ముడి కొడుకు వీసా రెండుసార్లు తిరస్కరించారట.

ఆ సాయంత్రం చెత్తడబ్బా బయటపెట్టడానికి వచ్చిన పోలండ్ ఆవిడ తమ్ముణ్ణి ఒకే మాట అడిగింది: "మమ్మల్ని పంపించేస్తారా?" వాడి దగ్గర జవాబు లేదు.

ఆ మాట వినగానే నాకు హైదరాబాద్ గుర్తొచ్చింది. 2014లో నేను అక్కడే ఉద్యోగం చేస్తున్నాను. ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి, రాష్ట్ర విభజన బిల్లు పాసయింది. తెలంగాణ స్నేహితురాళ్లు సంతోషంతో ఏడ్చారు. వాళ్లది అరవై ఏళ్ల కోరిక, ఆ ఏడుపు నిజం. జూన్ 2 దాటాక మేముండే ఇంటావిడ మామూలుగానే అడిగింది, "మరి మీరెప్పుడు వెళ్తారమ్మా?" అని. ఆమె మనసులో ఏమీ లేదు. నేను మాత్రం ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

ఆ శుక్రవారం సాయంత్రం నాన్న ఇంటికొచ్చాడు. పౌండు పడిపోయిందనే కబురు అప్పటికే వేలం కేంద్రం దాకా వచ్చింది. డాలరు లెక్కలో 1985 తర్వాత అంత కిందికి దిగడం అదే. మన పొగాకు రేటేమవుతుందోనని ఆయన టెన్షన్, తమ్ముడి ఎడ్యుకేషన్ లోను మీద నాకు టెన్షన్. వాడు పంపే పౌండ్లు అవే, ఇక్కడ చేతికొచ్చే రూపాయలు తక్కువ. అయినా కాళ్లు కడుక్కుని కూర్చున్నాక నాన్న అన్నది వేరే: "వాళ్లని అడిగారు కదమ్మా. మనల్ని ఎవరడిగారు?"

ఆ రోజు ఔనన్నాను. తర్వాత మూడున్నరేళ్లు ఆ దేశం పడ్డ అవస్థ చూశాక, అడగడం ఒక్కటే చాలదని నాన్నతో వాదించాను. ఉండాలా, పోవాలా అని రెండే గడులు పెట్టారు. ఎలా పోవాలి, యూనియన్‌లోనే ఉండే ఐర్లాండ్‌తో సరిహద్దు ఏం చేయాలి అన్నది కాగితం మీద లేదు. అందుకే బయటపడేసరికి 2020 జనవరి 31 అయింది.

2019లో పోలండ్ ఆవిడ అక్కడే ఉండిపోవడానికి అప్లై చేసింది. పాస్‌పోర్టు స్కాన్ చేసే యాప్ అప్పట్లో ఆండ్రాయిడ్‌లోనే ఉండేది, ఆవిడది ఐఫోన్. తమ్ముడి ఫోన్ తీసుకుని, వాళ్ల వంటింటి బల్ల మీద పాస్‌పోర్టు పెట్టి, చిప్ చదివేదాకా మూడుసార్లు జరిపి జరిపి చూశారట. తర్వాత ఆవిడ మొహం ఫొటో. పర్మిషన్ వచ్చింది.

నాన్నకి చెబితే, "కాగితం ఇచ్చారా?" అన్నాడు.

"కాగితం ఉండదు నాన్నా, అంతా ఆన్‌లైనే."

పొలం పాస్‌బుక్కు ట్రంకుపెట్టెలో గుడ్డ చుట్టి దాచే మనిషి. చాలాసేపు ఊరుకుని, "కాగితం లేకపోతే ఎట్టమ్మా, రేపెవరన్నా అడిగితే ఆ బిడ్డ ఏం చూపిస్తుంది?" అన్నాడు.