పేజ్‌మేకర్ నుంచి ఇన్‌డిజైన్‌లోకి, ఒక రోజు పని

బుధవారం, రాత్రి

పొద్దుట్నుంచీ ఒకటే పని. పాత పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో ఎప్పుడో కట్టిన 160 పేజీల పుస్తకాన్ని, ఇప్పుడు అదే పనికి వాడే ఇన్‌డిజైన్‌లోకి తేవాలి. సీఎస్6 వెర్షన్ వరకూ ఇన్‌డిజైన్ పేజ్‌మేకర్ వాళ్ల పీఎండీ ఫైలును నేరుగా తెరిచేది. ఆ తరవాతి సీసీ వెర్షన్లు తెరవవు. సీఎస్6 ఉన్న సిస్టమ్ దొరికితే అందులో తెరిచి, ఐడీఎంఎల్‌గా (ఏ వెర్షన్ ఇన్‌డిజైన్‌కైనా ఇచ్చిపుచ్చుకునే ఫైలు రకం) సేవ్ చేసి, కొత్త వెర్షన్‌లోకి తెచ్చుకోవచ్చు. పేజీలూ మాస్టర్ పేజీలూ స్టైళ్లూ చాలావరకు వచ్చేస్తాయి.

తెలుగు పుస్తకానికి మాత్రం దీనితో సగం పనే అవుతుంది. మేటరంతా ఇంకా పాత ఫాంటులోనే ఉంటుంది. తెర మీద కనిపించేది తెలుగు, లోపల ఉన్నవి ఇంగ్లిషు కోడ్లు. ఒక మాట వెతకలేం, రేపు ఈ-బుక్ చేయలేం. అందుకే లేఅవుటును వదిలేసి, మేటరు మాత్రం యూనికోడ్‌లోకి (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) మార్చి, పేజీలు కొత్తగా కట్టడమే మంచిది. ఒకటి రెండు రోజులు ఎక్కువ పట్టినా మళ్లీ ఈ పని ముట్టుకోనక్కర్లేదు.

పేజ్‌మేకర్‌లో కర్సర్ మేటరులో పెట్టి, అంతా సెలెక్ట్ చేసి, ఆర్‌టీఎఫ్‌గా (వర్డ్ తెరవగల ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ ఒక్క స్టోరీయే, అంటే ఒకదానికొకటి కలిసి సాగే మేటరే వస్తుంది. బాక్సు ఐటమ్‌లూ బొమ్మల కింది రైటప్‌లూ విడి స్టోరీలు, అవి రావు. పేజీ పేజీకీ ప్రింటు పక్కన పెట్టుకుని టిక్ కొట్టుకుంటూ పోవాలి.

పాత ఫాంటు మేటరును యూనికోడ్ చేసే కన్వర్టర్‌కి ఇచ్చేముందు ఇంగ్లిషు మాటల్ని పక్కకు తీయాలి. కన్వర్టర్‌కి రెండూ ఒకే కోడ్లు కాబట్టి ఇంగ్లిషును కూడా అర్థంలేని తెలుగు చేసేస్తుంది. వర్డ్‌లో ఫాంటు పేరుతో వెతికి, తెలుగు ఫాంటులో ఉన్న భాగాన్నే మార్చాలి. కొటేషన్లూ బ్రాకెట్లూ కూడా చూసుకోవాలి. పాత ఫాంట్లు వాటి చోట్లలో అక్షరాల ముక్కలు పెట్టుకున్నాయి.

మార్చాక తప్పులు పట్టడానికి గ్రెప్‌లో (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) [ా-ౌ][ా-ౌ్] అని వెతికితే చాలు. గుణింతం గుర్తు మీద ఇంకో గుర్తు గానీ పొల్లు గానీ పడిన చోట్లన్నీ దొరుకుతాయి. సరైన తెలుగులో అలా రాకూడదు. ప, ష, స, ఫ ఒకదానికొకటి మారిపోతే మాత్రం ఏ గ్రెప్పూ పట్టలేదు, కళ్లతో చదవాల్సిందే.

ఇంకొకటి, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలు. ట్ తరవాత, అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని నాన్-జాయినర్ లేకపోతే వ వచ్చి వత్తుగా కూర్చుంటుంది, ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. మాటల జాబితా రాసుకుని ఫైండ్-చేంజ్‌తో ఒకేసారి మార్చడం తేలిక.

ఇన్‌డిజైన్‌లో డాక్యుమెంటు తెరవగానే మొదట చూడాల్సింది కంపోజర్, అంటే అక్షరాల్ని లైన్లుగా పేర్చే పద్ధతి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. లేకపోతే ‘లక్ష్మి’లో వత్తులు కిందికి చేరవు, పొల్లుతో సహా విడివిడిగా పక్కపక్కన నిలబడతాయి. చాలామంది దీన్ని ఫాంటు తప్పనుకుని ఫాంట్లు మారుస్తూ కూర్చుంటారు. దీన్ని పేరా స్టైల్‌లోనే పెట్టాలి, భాష కూడా అక్కడే తెలుగు అని ఇవ్వాలి.

ఆర్‌టీఎఫ్‌ను ప్లేస్ చేసేటప్పుడు, అంటే పేజీలోకి తెచ్చేటప్పుడు, ఇంపోర్ట్ ఆప్షన్స్ తప్పకుండా తెరవాలి. ఇవాళ తెరవకుండా పెట్టిన ఒక అధ్యాయంతో పాటు స్వాచెస్‌లోకి (రంగుల జాబితా) ‘వర్డ్’ అని మొదలయ్యే ఆర్‌జీబీ నలుపు, అంటే తెర రంగుల పద్ధతిలోని నలుపు వచ్చి చేరింది. అలాగే ప్రెస్‌కి వెళితే అక్షరాలు నాలుగు రంగుల్లో విడిపోతాయి. ఆ రంగులు ఒకదాని మీద ఒకటి పడే రిజిస్ట్రేషన్ వెంట్రుకవాసి తప్పినా సన్నటి అక్షరాల అంచులు మసకబారతాయి. ఆ స్వాచ్‌ను డిలీట్ చేసి, దాని బదులు మామూలు బ్లాక్ ఇస్తే సరిపోయింది.

బాడీకి మండలి ఫాంటు, 12 పాయింట్లు, లీడింగ్ (లైనుకీ లైనుకీ మధ్య దూరం) 18. ఆటో లీడింగ్ ఇచ్చే 120 శాతం తెలుగుకు చాలదు. పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. ఫ్రేములో మొదటి లైను మరీ కిందికి దిగితే టెక్స్ట్ ఫ్రేమ్ ఆప్షన్స్‌లో ఫస్ట్ బేస్‌లైన్‌ను అసెంట్ (ఫాంటు పైకి తీసుకునే ఎత్తు) నుంచి లీడింగ్‌కి మార్చాలి. తెలుగు ఫాంట్లలో అసెంట్ ఎక్కువ కాబట్టి అలా దిగుతుంది.

చేతికి అలవాటైన కీలు కొన్ని మారాయి. కంట్రోల్-ఇ కొడితే పేజ్‌మేకర్‌లో స్టోరీ ఎడిటర్ వచ్చేది, ఇక్కడ ఎక్స్‌పోర్ట్ వస్తుంది. స్టోరీ ఎడిటర్‌కి కంట్రోల్-వై. ప్లేస్‌కి మాత్రం రెండింట్లోనూ కంట్రోల్-డి. ప్లేస్ చేసేటప్పుడు ఇన్‌డిజైన్‌లో షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే పేజీలు వాటంతటవే పెరుగుతూ మేటరంతా నిండుతుంది.

సాయంత్రానికి ఆరు అధ్యాయాలు నిండాయి. ఏడో దాంట్లో పద్యాలున్నాయి. జస్టిఫై తీసేసి, పాదం చివర పేరా బ్రేక్ బదులు షిఫ్ట్-ఎంటర్ పెట్టుకుంటూ రావాలి. అది రేపు.