గేటు ముందు కాంక్రీట్: పగులు పైన, జబ్బు కింద

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి మీద పోసిన కాంక్రీట్ పగిలితే అందరూ మేస్త్రినీ సిమెంటునీ తిడతారు. చాలాసార్లు తప్పు కింది మట్టిది. వానలకు ఉబ్బుతుంది, ఏప్రిల్, మే ఎండలకు కుంచించుకుపోతుంది. దాంతోపాటు లేస్తూ దిగుతూ ఉండే 4 అంగుళాల పలక ఎక్కడో ఒకచోట విరగక తప్పదు. అందుకే ముందు చూడాల్సింది నీళ్ల దారి.

డాబా మీది వాన గొట్టాన్ని గేటు పక్కనే వదిలేస్తారు. సంపు నిండి పొర్లుతుంది. అంచున కుండీలకు రోజూ తడి. ఇదంతా పలక కిందికే పోతుంది. గొట్టానికి ఎల్బో పెట్టి డ్రైను దాకా పొడిగించండి. రోడ్డు వైపు వాలు 10 అడుగులకు రెండున్నర అంగుళాలు ఉంటే నీళ్లు నిలవవు.

ఏడాదికోసారి, వానలు వెళ్లాక, సుత్తితో పలకంతా తట్టండి. డొల్ల శబ్దం వస్తే కింద మట్టి జారిపోయిందని అర్థం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నిలిచిన విజయవాడ సింగ్ నగర్ లాంటి చోట్ల ఇది తప్పకుండా చూసుకోవాలి. డొల్ల ఉన్నచోట 3 అడుగులకొకటి చొప్పున 20 ఎంఎం రంధ్రాలు వేసి, పక్క రంధ్రంలో తేలేదాకా పల్చటి సిమెంటు పాలు పోయాలి. ఇది చేయకుండా ఇసుక లారీని లోపలికి రానిస్తే పలక రెండు ముక్కలే. గట్టి పలకకైనా లారీ మంచిది కాదు, రోడ్డు మీదే దింపించుకోండి.

ఇక పగుళ్లు. సిమెంటు పూసి సరిపెట్టడం మన అలవాటు. అది సాగదు కనుక పగులు కదిలితే మళ్లీ విడిపోతుంది. వైరు బ్రష్షుతో గీకి, దుమ్ము ఊది, బాగా ఆరాక రబ్బరులా సాగే పాలీయురేథేన్ సీలెంట్ నింపాలి. పగులు లోతుగా ఉంటే ముందు ఫోమ్ తాడు దూర్చండి, సీలెంట్ వృథా కాదు. పగులు బాగా విచ్చుకునే మే నెలలో కాకుండా జనవరి, ఫిబ్రవరిలో నింపితే వానలకు పగులు మూసుకున్నా సీలెంట్ పైకి తన్నుకురాదు.

పాచికి బ్లీచింగ్ పౌడరు, గట్టి చీపురు చాలు. బాత్రూమ్ యాసిడ్ మాత్రం పోయకండి, సిమెంటును తినేసి కంకర తేలుస్తుంది. బండి ఆయిల్ కారితే వెంటనే పొడి సిమెంటు చల్లి, పీల్చుకున్నాక ఊడ్చేయండి.

పగులుకు ఒకవైపు అరంగుళం దిగిందంటే పూడ్చి లాభం లేదు. పైన 2 అంగుళాలు కొత్తది పోయిస్తామంటారు, ఒప్పుకోకండి. కింది పగులే పైకొస్తుంది, పైగా మట్టం పెరిగి వాన నీళ్లు ఇంట్లోకి తిరుగుతాయి. ఆ పలక వరకు తీయించి, అడుగు లోతు రేగడి ఎత్తి, 6 అంగుళాల పొరలుగా గ్రావెల్ దిమ్మిస కొట్టించి పోయించండి. ప్రతి 8 అడుగులకు అంగుళం లోతు గాడి (జాయింటు) కోయించండి. పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన) సిమెంటైతే కనీసం 10 రోజులు, ఎండల్లో 14 రోజులు, మడులు కట్టి నీళ్లు నిలపాలి.