ఐదుసార్లు లేచి కూర్చోవడం: స్టాప్‌వాచ్ ఎక్కడ ఆపాలి?

వృద్ధుల శారీరక సామర్థ్యం మీద పరిశోధన అనగానే ట్రెడ్‌మిల్, ముఖానికి ఆక్సిజన్ మాస్క్, సూదితో తీసిన కండ ముక్క గుర్తొస్తాయి. వ్యాయామ శరీరధర్మశాస్త్రం చదివినవాళ్ల శిక్షణ కూడా అక్కడే మొదలవుతుంది. కానీ ఈ రంగంలో అధ్యయనం నిలిచేదీ కూలేదీ ఒక కుర్చీ, ఒక స్టాప్‌వాచ్, నేల మీద నాలుగు మీటర్ల దూరంలో అతికించిన రెండు టేపు గీతల దగ్గరే. కొత్తగా వచ్చేవాళ్లు అన్నిటికంటే తేలిగ్గా తీసుకునేవీ ఇవే.

వయసుతో కండ తగ్గడానికి ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో సార్కోపీనియా అని పేరు పెట్టారు. అప్పట్లో దృష్టంతా కండ పరిమాణం మీదే. తర్వాత తేలిందేమిటంటే, కండ తగ్గే వేగం కంటే బలం తగ్గే వేగం బాగా ఎక్కువ. 1990లో ఫియాటరోన్ బృందం తొంభై ఏళ్ల వయసువాళ్లతో ఎనిమిది వారాలు బరువులు ఎత్తించింది. మొదలుపెట్టింది పదిమంది, పూర్తిచేసింది తొమ్మిదిమంది. బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ మధ్యలో కండ వైశాల్యం మాత్రం 9 శాతమే. మిగతా లాభంలో పెద్ద వాటా నాడీవ్యవస్థ కండను పనిచేయించే తీరు మెరుగుపడటం వల్ల వచ్చింది. అందుకే స్కాన్‌లో కండ ఎంతుందో చూసి ఊరుకుంటే సరిపోదు, మనిషి లేచి నడవగలడా లేదా చూడాలి.

దీనికి ఎక్కువమంది వాడేది గురాల్నిక్ బృందం 1994లో ప్రచురించిన ఎస్‌పీపీబీ (షార్ట్ ఫిజికల్ పెర్ఫార్మెన్స్ బ్యాటరీ). ఇందులో మూడు పరీక్షలు: నిలకడ, నడక, కుర్చీలోంచి లేవడం. ఒక్కోదానికి నాలుగు, మొత్తం 12 మార్కులు. నిలకడలో ముందు పాదాలు పక్కపక్కన, తర్వాత ఒక మడమ రెండో పాదం బొటనవేలి పక్కన, చివర ఒక మడమ రెండో పాదం వేళ్లకు ఆనేలా ఒకే గీత మీద, ఒక్కోటి 10 సెకన్లు. చేతులు కదిపినా మోకాళ్లు వంచినా ఫరవాలేదు, పాదం కదిలితే గడియారం ఆపాలి. ఇందులో పెద్ద తప్పులు జరగవు. తప్పులన్నీ మిగతా రెండింటిలోనే.

నడక సంగతి చూడండి. ఒకాయన నాలుగు మీటర్లు 5 సెకన్లలో నడిస్తే వేగం సెకనుకు 0.8 మీటర్లు. కొలిచే మనిషి వేలు 0.3 సెకను ఆలస్యంగా నొక్కితే అది 0.755 అవుతుంది. తేడా 0.045. పెరేరా బృందం 2006లో లెక్కకట్టిన ప్రకారం నడక వేగంలో చెప్పుకోదగ్గ అతి చిన్న మార్పు 0.05. అంటే ఏడాది వ్యాయామం తెచ్చే మార్పును ఒక బొటనవేలు మింగేయగలదు. అదే తప్పు పది మీటర్ల దారిలో జరిగితే తేడా 0.02 దాటదు. స్థలముంటే పొడుగు దారే మేలు. లేకపోతే రెండుసార్లు నడిపించి తక్కువ సమయాన్ని తీసుకోవాలి. ఆగి ఉన్న చోటినుంచి మొదలుపెట్టడం వేరు, ముందే నడక అందుకుని గీత దాటడం వేరు, రెండింటి అంకెల్ని ఒకే పట్టికలో కలపకూడదు. గీత దగ్గర ఆగమని చెబితే మనిషి ముందే నెమ్మదిస్తాడు, అందుకని గీత దాటి ఇంకో రెండడుగులు వేయమనాలి. కొలిచేవాళ్లు పక్కన కాక కాస్త వెనక నడవాలి. పక్కన నడిస్తే పెద్దాయన తన నడక వదిలి మీ నడక అందుకుంటాడు. చూపించేటప్పుడు మీరు చకచకా నడిచారా, ఆయనా అంతే.

కుర్చీకి చేతులుండకూడదు, వెనక గోడకు ఆనించాలి, సీటు ఎత్తు 43 నుంచి 45 సెంటీమీటర్లు. చేతులు ఛాతీ మీద కట్టుకుని ముందు ఒక్కసారి లేవమనాలి. అది చేయగలిగితేనే ఐదుసార్లు. గడియారం ఐదోసారి నిటారుగా నిలబడ్డప్పుడు ఆపాలా, తిరిగి కూర్చున్నాకా? ఎస్‌పీపీబీలో నిలబడ్డప్పుడే. కూర్చునేదాకా కొలిచే పద్ధతులూ ఉన్నాయి. ఆ కాస్త తేడా చిన్నదేం కాదు: సార్కోపీనియా మీద ఐరోపా 2019 మార్గదర్శకం 15 సెకన్లు దాటితే బలం తక్కువంది, ఆసియా బృందం 2019 మార్గదర్శకం 12 సెకన్లు, ఆపైన పడితే శారీరక సామర్థ్యం తక్కువంది. ఈ హద్దుల దగ్గర ఉన్నవాళ్లు గడియారం ఆపే చోటును బట్టి అటో ఇటో పడతారు. గడియారం ఎక్కడ ఆపారో పేపర్లో ఒక్క వాక్యం రాయనివాళ్లు ఎంతమందో!

ఇదే పరీక్షలోంచి పవర్ కూడా తీయొచ్చు, అంటే బలాన్ని ఎంత వేగంగా వాడగలరో ఆ లెక్క. బలం కంటే పవర్ ముందుగా, వేగంగా పడిపోతుంది, మెట్లెక్కడానికి పనికొచ్చేది అదే. ఆల్కజార్ బృందం సూత్రంలో బరువులో 0.9 వంతును 9.81తో గుణించి, మనిషి ఎత్తులో సగంలోంచి కుర్చీ ఎత్తు తీసేస్తే వచ్చేదానితో మళ్లీ గుణిస్తారు. దాన్ని ఒక్కసారి లేచి కూర్చోవడానికి పట్టిన సమయంలో సగంతో భాగిస్తారు. 60 కిలోలు, 1.60 మీటర్లు, 43 సెంటీమీటర్ల కుర్చీ, ఐదుసార్లకు 12 సెకన్లు అయితే సుమారు 163 వాట్లు. అదే మనిషికి 15 సెకన్లు పడితే 131. కుర్చీ ఎత్తు ఈ లెక్కలో నేరుగా ఉంది కాబట్టి మెత్తటి సీటు కుర్చీ వాడితే అంకె అబద్ధమాడుతుంది.

చేయలేకపోయినవాళ్ల గడి ఖాళీగా వదలడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఖాళీ వదిలితే కంప్యూటర్ వాళ్లను తీసేస్తుంది, అందరికంటే బలహీనులు మాయమై సగటు బాగుపడుతుంది. మార్కు సున్నా వేయాలి, కారణం పక్కన రాయాలి. సెకన్లలో సున్నాకు చోటుండదు, అందుకే నడకను వేగంగా మార్చి సున్నా ఇవ్వడం నయం. రెండో కొసన ఇంకో చిక్కు: గట్టిగా ఉన్నవాళ్లు మొదటిరోజే 12 తెచ్చుకుంటారు, వాళ్లలో మెరుగుదల ఈ పరీక్షకు కనపడదు. వాళ్లకు 400 మీటర్ల నడక పెట్టాలి.

అమెరికాలో జరిగిన లైఫ్ అధ్యయనం ఆ నడకనే అసలు ఫలితంగా పెట్టుకుంది. 70 నుంచి 89 ఏళ్ల మధ్య 1,635 మంది, ఎస్‌పీపీబీ 9 లేదా అంతకంటే తక్కువ. 400 మీటర్లు 15 నిమిషాల్లో, కూర్చోకుండా, ఇంకొకరి సాయం లేకుండా నడవాలి. సగటున 2.6 ఏళ్లలో ఆ శక్తి పోగొట్టుకున్నవాళ్లు వ్యాయామ బృందంలో 30.1 శాతం, ఆరోగ్య పాఠాలు విన్న బృందంలో 35.5 శాతం. ముందు చిన్నగా చేసిచూసిన పైలట్ అధ్యయనం ఫలితం వచ్చింది 2006లో, అసలు ఫలితం 2014లో. ఈ వృత్తిలో ఒక ప్రశ్నకు పట్టే కాలం అది. ఏటా పేపర్ కావాలనుకునేవాళ్లు పక్కన చిన్న కొలత అధ్యయనాలు నడుపుకోవాలి.

ఇన్నేళ్లలో కొలిచేవాళ్లు మారిపోతారు. ఎవరు ఏ బృందంలో ఉన్నారో వాళ్లకు తెలియకూడదు. ఒకే వీడియోను అందరిచేతా కొలిపించి, ఆర్నెల్లకోసారి అంకెలు పోల్చి చూడాలి. పాల్గొనేవాళ్లకు తొలి కొలతకు ముందే ఒకసారి పరీక్ష అలవాటు చేయాలి, లేకపోతే రెండోసారి అందరూ మెరుగైనట్టే కనిపిస్తారు. కుర్చీ కూడా విరుగుతుంది. మొదటి బడ్జెట్‌లోనే ఒకే రకం కుర్చీలు రెండు మూడు అదనంగా రాసుకుని, సీటు ఎత్తు కొలిచి ఒక్కోదాని అడుగున మార్కర్‌తో రాసిపెట్టండి.