అడవినాభి పూసింది

వానలు పడ్డ నెలకి కంచె మీద అడవినాభి మళ్లీ పూసింది. పొద్దున్నే వెళ్లి చూసొచ్చాను. విచ్చుకున్నప్పుడు పసుపు, పోనుపోను నిప్పు ఎరుపు. ఆరు రేకలూ వెనక్కి విరుచుకుని మంటలా పైకి లేస్తాయి. అగ్నిశిఖ అన్న పేరు అందుకే. నాకు మాత్రం పువ్వు కంటే ఆకు ముద్దు. దాని కొసే నులితీగై, అందినదాన్ని చుట్టుకుని పాకుతుంది.

ఆయుర్వేదంలో దీన్ని లాంగలి అంటారు. ఉపవిషాల్లో, అంటే తీవ్రత కాస్త తక్కువైన విషాల్లో ఒకటి, దుంపను శుద్ధి చేయందే వాడరు. కాన్పు కష్టమైతే దుంప నూరి బొడ్డు చుట్టూ పట్టు వేసేవారట. దుంపలో, గింజల్లో కొల్చిసిన్ అనే విష పదార్థం ఉంటుంది. కీళ్లు వాచే గౌట్ జబ్బు నొప్పికి డాక్టర్లు ఇచ్చే మందు అదే, కానీ కొలిచిన మోతాదులో. ఇంట్లో నూరుకుని మింగితే ప్రాణాలే పోతాయి. అమ్మ నన్ను ఆ దుంప ముట్టనిచ్చేది కాదు. మా పాపకి నేను పువ్వు చూపిస్తాను, తవ్వనివ్వను.