ఎం340ఐకి స్టెప్నీ: ఎంచుకోవడం నుంచి డిక్కీలో కట్టేదాకా – నా అనుభవం

బీఎండబ్ల్యూ ఎం340ఐకి రన్‌ఫ్లాట్లు తీసేసి మామూలు టైర్లు వేయించాలనుకుంటే, స్టెప్నీ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. రన్‌ఫ్లాట్ గట్టి పక్కగోడల మీద నడుస్తుంది. గాలి మొత్తం పోయినా గంటకు 80 కి.మీ. మించకుండా మరో 80 కి.మీ. దాకా లాక్కొస్తుంది. ఆ గట్టిదనం వల్లే మన రోడ్ల మీద నడుం పట్టేస్తుంది కాబట్టి చాలామంది తీసేస్తారు. తీసేశాక చేతిలో మిగిలేది సీలెంట్ డబ్బా, చిన్న కంప్రెసర్. మేకు నేరుగా ట్రెడ్‌లో (నేలకు ఆనే భాగంలో) దిగితే ఆ డబ్బా పనిచేస్తుంది. గుంత అంచుకు కొట్టుకుని పక్కగోడ చిరిగితే ఎందుకూ కొరగాదు. తక్కువ ప్రొఫైల్ (పక్కగోడ ఎత్తు తక్కువున్న) టైర్లకు మన దగ్గర ఎక్కువగా జరిగేది ఆ రెండోదే.

ఊళ్లో తిరిగే కారుకు ఇదంతా అనవసరం, ఫోన్ చేస్తే రికవరీ బండి వస్తుంది. శ్రీశైలం దారి అలా కాదు. మన్ననూర్ దాటాక నల్లమలలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు మూసేస్తారు. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ, టైర్ ప్రెషర్ మానిటర్, రిపేర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని చెప్పింది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అడవి ఒప్పుకోదు.

నేను మొదట చూసింది చక్రం వ్యాసం, అంటే నిలువుకొలత. ఇది ఎక్స్‌డ్రైవ్ బండి, అంటే నాలుగు చక్రాలకూ బలం వెళ్తుంది. ఇంజిన్ బలం వెనక చక్రాలకు నేరుగా వెళ్తుంది, ముందు చక్రాలకు మల్టీ ప్లేట్ క్లచ్ ద్వారా వెళ్తుంది. వెనక డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకు బలం పంచే భాగం) కూడా ఎలక్ట్రానిక్ లాకింగ్ రకం. ఒక చక్రం చిన్నదైతే అది మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది. క్లచ్ ఆ తేడాను జారుతూ సర్దుకోవాలి, జారినంతసేపూ వేడెక్కుతుంది. అందుకే చుట్టుకొలతలో తేడా ఒక శాతం లోపు ఉండాలని లెక్క పెట్టుకున్నాను.

18 అంగుళాల సెట్‌లో ముందు 225/45 ఆర్18, వెనక 255/40 ఆర్18 (వరుసగా వెడల్పు మి.మీ.లో, పక్కగోడ ఎత్తు అందులో ఎంత శాతమో, రిమ్ అంగుళాల్లో). లెక్క కడితే ముందుదాని వ్యాసం 659.7 మి.మీ., వెనకదాని వ్యాసం 661.2 మి.మీ. వెడల్పు వేరైనా వ్యాసం దాదాపు ఒకటే. ఇక సన్న స్టెప్నీలు (షాపు చేరేదాకా తాత్కాలికంగా వేసే ఇరుకు చక్రాలు): 125/80 ఆర్17 అయితే 631.8 మి.మీ., అంటే నాలుగు శాతం పైగా చిన్నది, పక్కన పెట్టేయొచ్చు. 135/80 ఆర్17 అయితే 647.8 మి.మీ., తేడా 1.8 శాతం. 135/80 ఆర్18 అయితే 673.2 మి.మీ., ఇది రెండు శాతం పెద్దది. పది ఇరవై కిలోమీటర్లు మెల్లగా నడిపి పంక్చర్ షాపు చేరడానికి మధ్యది ఫర్వాలేదు. ఘాట్ రోడ్డు మీద వంద కిలోమీటర్లకు నాకు మనసొప్పలేదు.

రెండో చిక్కు రిమ్. ఎం340ఐ వచ్చే జీ20 తరం 3 సిరీస్‌కు బోల్ట్ కొలత 5×112 (112 మి.మీ. వలయం మీద ఐదు బోల్ట్‌లు), మధ్య రంధ్రం 66.6 మి.మీ. దానికి ముందు తరం ఎఫ్30 రిమ్ 5×120, 72.6 మి.మీ., అసలు కూర్చోదు. చెన్నై పుదుపేటలోనో ఢిల్లీ మాయాపురిలోనో పాత సామాను కొట్టువాళ్లు 'బీఎండబ్ల్యూదే సార్' అని అంటగట్టేది తరచూ ఇదే. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా రిమ్‌లు 5×112 అయినా మధ్య రంధ్రం 57.1 మి.మీ. కాబట్టి హబ్ (చక్రం బిగించే ఇరుసు చివర) మీదికి ఎక్కవు. మోసం చేసేది మెర్సిడెస్ రిమ్. 5×112, 66.6 రెండూ సరిపోతాయి, హబ్ మీద చక్కగా కూర్చుంటుంది. కానీ మెర్సిడెస్ బోల్ట్ ఎం14×1.5 (14 మి.మీ. లావు, మరల మధ్య 1.5 మి.మీ.), తల కింద రిమ్‌కు ఆనే సీటు గుండ్రం. బీఎండబ్ల్యూ బోల్ట్ ఎం14×1.25, సీటు 60 డిగ్రీల శంకువు. గుండ్రని గుంటలో శంకువు బిగిస్తే అంచు మీద గీతలా మాత్రమే ఆనుతుంది. బిగుసుకున్నట్టే ఉంటుంది, కొంత దూరం పోయాక వదులవుతుంది.

సన్న స్టెప్నీ తీసుకునేవారు డబ్బు ఇచ్చేముందు బండికి ఎక్కించి చూడాలి. ముందు డిస్క్ దాదాపు 350 మి.మీ., దాని మీద నాలుగు పిస్టన్ల కాలిపర్ (డిస్క్‌ను నొక్కి పట్టే బ్రేకు భాగం). రిమ్ లోపలి గోడకూ కాలిపర్‌కూ, ఆకులకూ (స్పోక్‌లకూ) కాలిపర్‌కూ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. చక్రాన్ని చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడాలి. బోల్ట్ చేత్తోనే కనీసం పది పదకొండు చుట్లు దిగాలి. ఇనుప రిమ్ సీటు పల్చగా ఉంటే అదే బోల్ట్ హబ్ వెనక్కి పొడుచుకొచ్చి లోపలి భాగాలకు తగిలే ప్రమాదం ఉంది. అందుకే వెనక చక్రం దగ్గర కూడా తిప్పి చూడకుండా వదలొద్దు.

ఇవన్నీ కూడి చూశాక నేను సన్న స్టెప్నీ వదిలేసి, ఐదో చక్రంగా కంపెనీ ముందు రిమ్‌నే తీసుకున్నాను: 7.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ నడిమి నుంచి హబ్‌కు ఆనే తలం దాకా దూరం) 25 మి.మీ. బ్రేకుకు తగలదు, బోల్ట్‌లు అవే, సన్న టైరుకుండే 80 కి.మీ. పరిమితి లేదు. వెనక కూడా వేసుకోవచ్చు. వెనక రిమ్ 8.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 40. దాని స్థానంలో ముందు రిమ్ వేస్తే బయటికి రెండు మి.మీ.కు కాస్త ఎక్కువ జరుగుతుంది, లోపలి వైపు ఇంకా ఖాళీ పెరుగుతుంది. తిరగేసి చేయకూడదు: వెనక చక్రాన్ని ముందుకు తెస్తే లోపలి అంచు దాదాపు 28 మి.మీ. సస్పెన్షన్ వైపు చొచ్చుకుపోతుంది.

దానికి కొత్త టైరు మాత్రం వేయించలేదు. కొత్త టైరు ట్రెడ్ 8 మి.మీ., బండి మీదున్నవి 4 మి.మీ.కు అరిగి ఉంటే వ్యాసంలో 8 మి.మీ. తేడా, అంటే 1.2 శాతం. మనం తప్పించుకోవాలనుకున్న తేడా దొడ్డిదారిన వచ్చేస్తుంది. ముందు టైర్లు మార్చేటప్పుడు సగం అరిగినదాన్ని దాచి స్టెప్నీకి వేయించడం మేలు. తయారీ తేదీ పక్కగోడ మీద నాలుగంకెల్లో ఉంటుంది, 2322 అంటే 2022లో 23వ వారం. ఆరేళ్లు దాటినది ట్రెడ్ ఎంత బాగున్నా వద్దు.

ఇక మోయడం. చక్రం నిలువుకొలత 66 సెం.మీ., బరువు సుమారు 20 కిలోలు. డిక్కీ 480 లీటర్లున్నా అడుగు కింద ఇది దిగదు, పైనే పరుచుకుంటుంది. ఊరు దాటే ప్రయాణానికే పెడతాను. కింద రబ్బరు మ్యాట్, చక్రానికి మందపాటి సంచి, ఆకుల వైపు పైకి. రిమ్ ఆకుల మధ్య నుంచి రాచెట్ బెల్ట్ దూర్చి డిక్కీలోని కొక్కేలకు బిగిస్తాను. బెల్ట్ టైరు మీదుగా మాత్రమే వేస్తే టైరు నొక్కుకుని వదులవుతుంది. కట్టకుండా వదిలిన 20 కిలోల చక్రం గట్టి బ్రేకుకు వెనక సీటును గుద్దుతుంది. గాలి, డోర్ స్టిక్కర్ మీద నిండు లోడుకు రాసినదానికంటే 3–4 పీఎస్ఐ ఎక్కువ పెట్టి, వేసేటప్పుడు తగ్గించుకుంటాను. సన్న స్టెప్నీకైతే 60 పీఎస్ఐ ఉండాలి. బంకులో చెప్పకపోతే 32 కొట్టి పంపేస్తారు.

సంచిలో ఉండాల్సినవి: 1.5 టన్నులకు తక్కువ కాని జాకీ, బీఎండబ్ల్యూ జాక్ పాయింట్‌కు సరిపోయే రబ్బరు దిమ్మ, 17 మి.మీ. సాకెట్, పొడుగు బార్, టార్క్ రెంచ్ (బిగింపు బలం కొలిచే పానా), లాక్ బోల్ట్ తాళం, చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు. వీటితోపాటు ఎం14×1.25 మరలున్న ఒక గైడ్ పిన్. ఈ కార్లకు హబ్‌లో చక్రాన్ని తగిలించడానికి స్టడ్‌లు (పొడుచుకొచ్చిన మరమేకులు) ఉండవు, విడి బోల్ట్‌లే. 20 కిలోల చక్రాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని చీకట్లో రంధ్రాలు కలపడం నరకం. ముందు పై రంధ్రంలో పిన్ బిగిస్తే చక్రం దాని మీద వేలాడుతుంది.

బోల్ట్‌లు బండి నేల మీదుండగానే అర చుట్టు వదులు చేయాలి. చక్రం హబ్‌కు పట్టేస్తే రెండు బోల్ట్‌లు వదులుగా ఉంచి టైరు కింది భాగాన్ని మడమతో తన్నాలి. బండి కిందికి ఎప్పుడూ దూరొద్దు. కొత్త చక్రాన్ని నక్షత్రం వరుసలో చేత్తో బిగించి, దించాక 140 న్యూటన్ మీటర్లకు బిగించాలి. మరలకు గ్రీజు రాస్తే అదే 140కి బోల్ట్ మోతాదు మించి సాగుతుంది. గ్రీజు హబ్ మధ్య అంచుకు పల్చగా రాస్తే చాలు.

సన్న స్టెప్నీ ఉన్నవాళ్లకు వెనక టైరు పోతే ఇంకో మెట్టు ఉంది. ఇంజిన్ 500 న్యూటన్ మీటర్ల బలం నేరుగా వెళ్లే వెనక ఇరుసుకు ఆ సన్న చక్రం వేయొద్దు. మొదట, బాగున్న ముందు చక్రం విప్పి దాని చోట స్టెప్నీ వేసి దించాలి, తర్వాత వెనక ఎత్తి ఆ ముందు చక్రాన్ని అక్కడ వేయాలి. వెనక నుంచి మొదలెడితే ఇంకా ఎక్కువసార్లు జాకీ ఎత్తాల్సి వస్తుంది.

స్టెప్నీలో గాలి కొలిచే సెన్సర్ లేకపోతే టైర్ ప్రెషర్ హెచ్చరిక పసుపు దీపం వెలుగుతూనే ఉంటుంది, కంగారక్కర్లేదు. స్టెబిలిటీ కంట్రోల్ ఆపొద్దు. 50–100 కి.మీ. తర్వాత బోల్ట్‌లు మళ్లీ 140కి సరిచూడాలి. విప్పిన వెనక చక్రం స్టెప్నీకంటే 3 సెం.మీ. వెడల్పు కాబట్టి బెల్ట్ ఆ మేరకు పొడుగున్నది కొనుక్కోవాలి. షాపులో తిరిగి వేసేటప్పుడు ఎయిర్ గన్‌తో బిగించనివ్వకుండా టార్క్ రెంచ్ మీరే చేతికివ్వండి, ఆ తర్వాత స్క్రీన్ మీద టైర్ ప్రెషర్ రీసెట్ చేసి కాసేపు నడిపితే దీపం ఆరుతుంది.