ఎగ్జామినర్ మంచివాడేనా?

బరంపురంలోని మా తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఏ ప్రాక్టికల్ పరీక్షకు వెళ్తున్నా పెద్దలు మొదట అడిగేది, వచ్చే ఎక్స్‌టర్నల్ మంచివాడేనా అని. అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు శిక్షణ పొందుతున్న మా మేనకోడలినీ అదే అడిగారు. "మామయ్యా, ఆయన మంచితనంతో నాకు పనిలేదు, అందరినీ ఒకే కొలతతో కొలిస్తే చాలు" అని తను నాతో అంది. నేనూ ఆమె పక్షమే.

అక్కడ విమానం నడిపించి చూసే ఈ లైసెన్సు పరీక్షను చాలావరకు ప్రభుత్వోద్యోగులు కాక, విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నియమించిన ప్రైవేటు ఎగ్జామినర్లు నిర్వహిస్తారు. రుసుమును అభ్యర్థి నేరుగా వారికే చెల్లించాలి. అది ఎంతన్నది ఎఫ్‌ఏఏ నిర్ణయించదు. చిక్కు రెండు వైపులా ఉంది: తప్పినవారు తిరిగి వస్తే మరోసారి రుసుము రావచ్చు, సులువుగా పాస్ చేస్తారన్న పేరుంటే ఫ్లయింగ్ స్కూళ్లు విద్యార్థులను వారి దగ్గరికే పంపవచ్చు. ఎగ్జామినర్లలో అత్యధికులు నిజాయితీపరులేనని నమ్ముతాను, కానీ వ్యవస్థ ఒకరి నిజాయితీ మీదే ఆధారపడకూడదు. ఒక అభ్యర్థికి అవసరమైన శిక్షణలో 25 శాతానికి మించి తానే ఇచ్చిన వ్యక్తి ఆ అభ్యర్థిని పరీక్షించరాదని ఐరోపా నియమాలు చెబుతాయి. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

అమెరికాలో 2016 నుంచి అమలైన, ఈ పరీక్షకు సంబంధించిన ప్రమాణాల పత్రంలో కొలతలు స్పష్టంగానే ఉన్నాయి. 45 డిగ్రీల వాలుతో చేసే స్టీప్ టర్న్‌లో, అంటే విమానాన్ని బాగా వంచి తిప్పే మలుపులో, ఎత్తు 100 అడుగులకు, వేగం 10 నాట్లకు (నాట్ అంటే విమాన వేగానికి వాడే కొలమానం) మించి అటూ ఇటూ కాకూడదు. అయితే ఒక్కసారి హద్దు దాటినంత మాత్రాన తప్పినట్టు కాదు. పదేపదే దాటడం, దాటిన వెంటనే సరిదిద్దుకోకపోవడం తప్పు. "పదేపదే" అంటే ఎన్నిసార్లు, "వెంటనే" అంటే ఎన్ని సెకన్లు అన్నది ఎగ్జామినర్ విచక్షణకే మిగిలింది, పక్షపాతం చొరబడగల సందు కూడా అదే.

ఫెయిల్ చేసినప్పుడు ఏయే అంశాల్లో తప్పారో రాసివ్వాలన్న నియమం అక్కడ ఉంది. పాసైన అంశాలకు 60 రోజుల్లోపు మళ్లీ పరీక్ష ఉండనవసరం లేదు. అంశం పేరుతో పాటు ఎత్తు ఎంత తగ్గింది, ఎంతసేపు తగ్గింది అన్నదీ ఆ కాగితంలో ఉండాలని నా కోరిక. ఇప్పటి శిక్షణ విమానాల్లో చాలావాటిలో ఆ వివరాలు ఎలాగూ నమోదవుతాయి. మలుపుకు ముందు వేరే విమానాలేమైనా ఉన్నాయా అని అభ్యర్థి చుట్టూ చూసిందా లేదా అన్నది మాత్రం విమానం నమోదు చేసే వివరాల్లో ఉండదు కనుక, దాన్ని పక్క సీటులో కూర్చున్న ఎగ్జామినరే కారణంతో సహా రాయాలి.