తెలుగుకు ఇంట్లో పని ఉండాలి

ఐర్లండ్‌లో మేముండే చిన్న పట్టణంలో భారతీయ కుటుంబాలు కొద్దే. వారిలోనూ ఎక్కువమంది కేరళ నుంచి నర్సు ఉద్యోగాలకు వచ్చినవారు. తెలుగువాళ్లమంతా ఒక్క గదిలో సరిపోతాం. ఉగాది ఏ రోజు వచ్చినా శనివారానికి జరిపి, హాలు అద్దెకు తీసుకుని పచ్చడి కలుపుకుంటాం. పిల్లలు వేమన పద్యాలు అప్పజెబుతారు, ఆ వెంటనే ఓ మూలకు చేరి ఇంగ్లీషులో ఆటల్లో పడతారు. ఆ శనివారాలంటే నాకు ప్రాణం. కానీ వాటితోనే తెలుగు నిలుస్తుందన్న నమ్మకం లేదు.

ఐర్లండ్ సంగతే చూడండి. 1937 నాటి రాజ్యాంగం ఐరిష్‌ను మొదటి అధికార భాషగా గుర్తించింది. బడిలో చేరిన నాటి నుంచే పిల్లలు దాన్ని నేర్చుకుంటారు, మావాడూ నేర్చుకుంటున్నాడు. అయినా ఆ భాష ఇంటి మాటగా మిగిలిన కొన్ని ప్రాంతాలు దాటితే అంగట్లో, వీధిలో వినిపించేది ఇంగ్లీషే. గౌరవానికి ఏ లోటూ లేని భాష పరిస్థితి అది!

మా పుట్టిల్లు బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మద్రాసు నుంచి అందులోకి వెళ్లిన ఊరు. నేను చదివింది ఒడియా బడిలో. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గరే వచ్చాయి. తను వంటింట్లోంచి సరుకులు చెబుతుంటే నేను చీటీ రాసేదాన్ని.

ఈసారి జూలై సెలవులకు వెళితే ఆ పని మావాడికి పడింది. మినప్పప్పుకు ఒత్తు మరిచిపోయి తిట్లు తిన్నాడు. దుకాణంలో అమ్మ ఒడియాలో బేరమాడింది, చిల్లర లెక్క మాత్రం మనవడి చేత తెలుగులో వేయించింది.

‘‘యాభై ఇచ్చాం. ముప్ఫై ఏడు పోతే ఎంతరా?’’

‘‘పదమూడు, అమ్మమ్మా.’’

‘‘మరి నీ చేతిలో పన్నెండే ఉన్నాయేం?’’

వాడు వెనక్కి పరుగెత్తాడు. ఒడియా రాదు, చేతిలో చిల్లర పరిచి చూపించి రూపాయి తెచ్చుకున్నాడు. ఆ ఆనందం పద్యం అప్పజెప్పినప్పుడు వాడి ముఖంలో నేనెన్నడూ చూడలేదు.

బరంపురంలో తెలుగింట పుట్టిన వి.వి. గిరి 1913లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్ వెళ్లి న్యాయశాస్త్రం చదివారనీ, తరవాత మన రాష్ట్రపతి అయ్యారనీ అమ్మ చెబితే మా పెద్దమ్మాయి నోరు తెరిచి వింది. తమ రెండు దేశాలనూ కలిపే దారి తనకంటే ముందే ఉందని తెలిసి ఎంత పొంగిపోయిందో! బడి తెరవగానే తరగతిలో ఆయన గురించి తనంతట తానే మాట్లాడింది.

ఐర్లండ్ తిరిగొచ్చాక సరుకుల చీటీ మావాడికే అప్పగించాను. అందులో తెలుగులో రాయనిది ఏదీ కొనేది లేదని చెప్పాను. ఆ వారం ఇంటికి బిస్కెట్లు రాలేదు. మరుసటి వారం చీటీలో మొట్టమొదట ఉన్నవి అవే, ఒత్తుతో సహా.